నాలుగో మడత

చెట్లు నిలబడి ఉండగానే
తాడేసి కొలిచాడు దళారీ గంగరాజు.
మొదలు చుట్టూ తిప్పి, తీసి,
తాడుని నాలుగు మడతలు పెట్టి
పెదాల్లోనే లెక్క కట్టుకుని
"అయిదింటికీ కలిపి అరవై వేలండి,
ఆయ్, ఆపైన ఎవరూ ఇవ్వరు" అన్నాడు.

ఆ నాలుగో మడతలో
అయిదో వంతు కలప జారిపోతుంది.
బడి మొహం చూడని మా మేనత్త సూరయ్యమ్మకి
ఆ సంగతి తెలుసు.
గుండ్రటిదాన్ని చదరంగా కొలిస్తే
అంచులు ఎవరో తింటారని
మినపరొట్టె కోసి పదిమందికి పంచిన చేతికి తెలుసు.
"నిలువునా అమ్మకురా. పలకలు కోయించి అమ్ము."

అరవై సెంట్ల చేను,
పంటకాలవ గట్టున అయిదు టేకులు.
కంచె అవే,
నీడకి గింజ పాలుపోసుకోవడం లేదని
పక్క చేను వీర్రాజుతో తగువూ అవే.
చివర్న ఒక నల్లతుమ్మ.
తొంభయ్యారు గాలికి నడుం వంగి
మళ్ళీ నిటారు కాబోయి సగంలో ఆగిపోయింది.
గంగరాజు దానికి తాడే వెయ్యలేదు.
"పొయ్యిలోకండి" అన్నాడు.

సంతకం కోసం మూడుసార్లు ఆఫీసు,
ట్రాక్టరు అద్దె, కోత కూలి అడుగుకింత.
రంపమూ తన వాటా తింటుంది.
గీతకి పావంగుళం,
పొట్టు పొట్టుగా రాలి
రొయ్యల ఐసు మీద కప్పడానికి బస్తాల్లో పోయింది.

కోసిన పలక చూసి గుండె జారింది.
పాచి పట్టినట్టు ఆకుపచ్చ చారలు, మురికి.
"ఎండ తగలనీండి" అన్నాడు మిల్లు లింగేశ్వరం.
మూడో రోజుకి
పట్టు తేనె రంగు తిరిగింది.

మూడో దుంగలో రంపం కీచుమంది.
నిప్పులు.
నాలుగంగుళాల లోపల ఒక మేకు,
దాని చుట్టూ జానెడు నల్లటి మచ్చ.
పన్నెండేళ్ళప్పుడు నేను కొట్టిందే,
రాత్రి నీళ్ళు పెట్టేటప్పుడు లాంతరు తగిలించడానికి.
చెట్టు మింగేసి ఊరుకుంది.
బ్లేడుకి తొమ్మిదొందలు పట్టుకున్నాడు లింగేశ్వరం.
నా మేకుకి నేనే కట్టుకున్నాను.

పలకకీ పలకకీ మధ్య పుల్లలు పెట్టి
పైన ఇటుకలు పేర్చి
గేదెల పాకలో తొమ్మిది నెలలు ఆరబెట్టాం.
వానాకాలమంతా గేదె
చూరు కింద నిలబడి నావైపు అదోలా చూసింది.

అప్పుడు మనుషులు రావడం మొదలెట్టారు.
అంబాజీపేటలో టిఫిన్ హోటలు పెట్టేవాడు బల్లలకి.
"కాలవ నీళ్ళు తాగిన టేకు కదండీ, మెత్తన,
కొండ టేకు ధర ఎక్కడిస్తాం" అని ఒకాయన.
గోరుతో గీకి, వాసన చూసి,
రేపొస్తానని రాని వాళ్ళు నలుగురు.
హార్మోనియం పెట్టెలు చేసే ముసలాయన
వేలి కణుపుతో ప్రతి పలకనీ తట్టి, చెవి ఆన్చి,
పొద్దు వాలేదాకా విని
రెండే తీసుకున్నాడు. బేరమాడలేదు.

ఓడలరేవు నుంచి వచ్చిన మల్లాడి పోలయ్య
పలకల వంక చూడనే లేదు.
గట్టెమ్మట తిన్నగా తుమ్మ దగ్గరికి నడిచి
సంచిలోంచి వంచిన రేకు తీసి
చెట్టు నడుం మీద ఆనించాడు.
సరిగ్గా కూర్చుంది.
"ఈ వంపు కోసం నెలన్నర్నుంచి తిరుగుతున్నానండి.
తిన్నటి కర్రని వంచితే
నావలో కొన్నాళ్ళకి మళ్ళీ తిన్నగవుదామని చూస్తది.
ఇది దానంతటది వంగింది, ఇంక కదల్దు."

ఎంత చెప్పాలో తెలీలేదు నాకు.
తాడు తెచ్చాను గాని
ఆ వంపుని ఎక్కణ్ణుంచి కొలవాలి,
ఎన్ని మడతలు పెట్టాలి?
అరుగు మీంచి అత్త ఒక అంకె చెప్పింది.
నాకే సిగ్గేసింది.
పోలయ్య మారు మాటాడకుండా
వేలు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టాడు.

నల్లమచ్చ పలక మాత్రం మిగిలిపోయింది.
కాలవ దాటడానికి అడ్డంగా వేశాం.
ఇప్పుడు నీళ్ళు పెట్టడానికి
జేబులో సెల్లు లైటుంటుంది.
అయినా ఆ మచ్చ మీద కాలు పడగానే
చెయ్యి దానంతటది పైకి లేచి
చీకట్లో
తగిలించే చోటు వెతుకుతుంది.